కూలర్ అడుగు పొర

అక్క మొగుడి కంప్యూటర్ షాపులో ఆమె ఏళ్ల తరబడి ఒళ్లు హూనం చేసుకుంది. విప్పడం, బిగించడం, తిట్లు తినడం ఆమె వంతు. గల్లాపెట్టె దగ్గర కూర్చోవడం అక్క వంతు. గొప్పలు చెప్పుకోవడం బావ వంతు. ఒకసారి ఎవరి కంప్యూటరో వేడెక్కి బోర్డు పాడైంది. విప్పి చూస్తే, ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ అడుగున, బిగించేముందు పీకెయ్యాల్సిన ప్లాస్టిక్ పొర అలాగే వదిలేసి ఉంది. బిగించింది బావ. కానీ ఆ పెద్దమనిషి బజారు జనం ముందు, "మా మరదలి నిర్వాకం ఇది" అనేసి, ఆమె నోరు తెరిచేలోపే పనిలోంచి తీసేశాడు. అప్పట్నుంచి బజారంతా ఆమెను ‘ప్లాస్టిక్కు’ అనే పిలిచింది. ఆ పేరున్న మనిషికి ఎవరు పనిస్తారు? ఇంట్లోనే ఓ గదిలో పాత మిషన్లు బాగుచేస్తూ, పళ్లు నూరుకుంటూ బతికింది.

ఈమధ్య పక్కవీధి జిమ్ మాస్టారు వచ్చాడు.

"గేములాడుకోవడానికి మంచి కంప్యూటర్ కావాలక్కా. ఏమేం కొనాలో మీరే చెప్పండి."

ఇన్నాళ్లకు దొరికాడు బావ, అనుకుంది ఆమె.

గ్రాఫిక్స్ కార్డు మంచిదే ఎంచింది. పవర్ సప్లై దగ్గర కక్కుర్తి పడితే కొంప మునుగుతుందని గట్టిదే చెప్పింది. ప్రాసెసర్ మాత్రం బాగా వేడెక్కే రకం. పాతవాటిలా కాలిపోకుండా, హద్దు దాటితే తనంతట తానే ఆగిపోతుంది కాబట్టి కొన్నవాడికి నష్టం లేదు. ఆమె కసి బావ మీదే గానీ లోకం మీద కాదు. మామూలుగా కూలర్ల పొర మీద ‘తీసెయ్యండి’ అని ఎర్రగా రాసి ఉంటుంది. ఒక్క అక్షరం కూడా లేని, నీళ్లంత తేట పొర ఉండే కూలర్‌ని ఆమె వెతికి వెతికి పట్టుకుంది.

"అన్నీ మా బావ దగ్గరే కొనండి మాస్టారూ. కొన్నవాళ్ల ఎదురుగా బిగించడం ఈ బజారు పద్ధతి. ఆయనే స్వయంగా బిగించాలని పట్టుబట్టండి. మధ్యలో ఆగిపోతే కంగారు పడకండి."

మాస్టారి వెనకే షాపుకి వెళ్లి నిలబడింది.

"ఓహో, ప్లాస్టిక్కు కూడా వచ్చిందే! చూసి నేర్చుకో" అన్నాడు బావ. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. సొంత డప్పు కొట్టుకుంటూనే ఆయన కూలర్ తీసి, అడుగు వైపు కన్నెత్తయినా చూడకుండా బిగించేశాడు. గేము మొదలైంది. యుద్ధం మంచి రంజు మీద ఉండగా తెర నల్లబడింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ నల్లబడింది.

"పార్టులే దరిద్రంగా ఎంచారు!" అన్నాడు బావ.

"కూలర్ విప్పు బావా" అందామె.

"నాకు చెప్పేంతదానివయ్యావా?"

"విప్పండి సార్" అన్నాడు జిమ్ మాస్టారు చేతులు కట్టుకుని. ఆ చేతుల సైజు చూసి బావ విప్పాడు.

ఆమె గోటితో పొర పీకి అందరికీ కనిపించేలా పైకెత్తింది. "ఆ రోజు బిగించిందీ మా బావ చెయ్యే!" అని గొంతు చించుకుని అరిచింది. ఇన్నాళ్లూ ఆమెను చూసి నవ్విన బజారు ఇప్పుడు బావను చూసి నవ్వింది. బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆమె కడుపు చల్లబడింది. ఇంకొంచెం నవ్వండి అనిపించింది.

ఆ ఊపులోనే గల్లాపెట్టె వైపు తిరిగింది.

"చూశావా అక్కా? ఇప్పటికైనా నన్ను నమ్ముతావా?"

అక్క తలెత్తలేదు.

"నాకు ఆ రోజే తెలుసే" అంది మెల్లగా. "ఆయన బిగిస్తుంటే పక్కనే ఉన్నాను."

చుట్టూ జనం ఇంకా నవ్వుతూనే ఉన్నారు. బావ కోసం ఆమె అన్నీ ఏరి ఏరి తెచ్చుకుంది. అక్క కోసం ఏమీ తెచ్చుకోలేదు.