సార్ పెట్టని సంతకం

ఆ నోటీసు మా కాలేజీ బోర్డు మీదికి ఎక్కనే లేదు. నేను సూర్యాపేటలో డిగ్రీ మూడో ఏడు చదువుతున్నప్పుడు, కోదాడలో ఉండే నా స్నేహితురాలు ఫోన్ చేసి చెబితే తెలిసింది. విదేశంలో మూడు నెలలు వాలంటీర్లుగా పనిచేయడానికి విద్యార్థులను తీసుకుంటున్నారట. పద్దెనిమిదేళ్లు నిండి, సేవ చేసిన అనుభవం ఉంటే చాలట. తిండి, బస వాళ్లవే. "మీ కాలేజీకి కూడా మెయిల్ వచ్చిందంట కదే, మీ సార్ చెప్పలేదా?" అంది.

చెప్పలేదు. కోదాడ పక్కన అనంతగిరి దగ్గర ఒక ఊళ్లో ఏడు రోజుల సేవా శిబిరం చేసి వచ్చి అప్పటికి వారమే అయింది. మోకాళ్ల లోతు మురికి కాలువలో దిగి పూడిక తీశాం. కాలి పుండు కుళ్లిపోతున్నా దవాఖానకు రానని మొండికేసిన ఒక ముసలాయనను, నేనూ ఆ ఊళ్లో టీకాలేసే నర్సమ్మా రెండు రోజులు బతిమిలాడి ఆటో ఎక్కించాం. శిబిరం నడిపిన సార్ ఇవన్నీ కళ్లారా చూశాడు.

మరునాడు ఆయన దగ్గరికి వెళ్లి అడిగాను. ఫోన్‌లోంచి తల ఎత్తలేదు.

"గదెప్పుడో అయిపోయిందమ్మా. మన కాలేజీ తరఫున ఒక పేరు పంపినం."

"ఎవరిది సార్?"

పట్టణంలో ఒక నాయకుడి కొడుకుది. శిబిరానికి ఒక్క పూట వచ్చి, పార పట్టుకొని ఫోటో దిగి, కారెక్కి పోయినవాడు.

"ఏడు రోజులూ నేనున్న కద సార్. నాకు గూడ సిఫారసు ఉత్తరం ఇయ్యండి."

"మీ నాయిన ఏం పనిజేస్తడు?"

"మిర్యాలగూడల రైస్ మిల్లు హమాలీ."

"పాస్‌పోర్టు ఉన్నదా? లేదు గద. గాడ ఇంగ్లీషుల మాట్లాడాలె బిడ్డా. కాలేజీ పరువు సూసుకోవాలె. గీడనే ఏదన్న చదువుకో."

ఏడుపు రాలేదు. చెవులు భగభగమన్నాయి. నేను అడిగింది నా పని గురించి. ఆయన చూసింది మా నాయన భుజం మీది బస్తాను.

ఆ మధ్యాహ్నమే కోదాడ బస్సెక్కాను. స్నేహితురాలి ల్యాప్‌టాప్‌లో ఆ సంస్థ వెబ్‌సైట్ తెరిచి చదివాం. గడువు ఇంకా మూడు వారాలుంది. కాలేజీకి ఒక్క పేరే అన్న నియమం ఎక్కడా లేదు. విద్యార్థి నేరుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. చేసిన పనిని దగ్గరుండి చూసినవాళ్లు ఎవరు ఉత్తరం రాసినా చెల్లుతుంది. సార్ నాతో ఆడింది పచ్చి అబద్ధం.

అక్కడి నుంచే శిబిరం జరిగిన ఊరికి వెళ్లాం. నర్సమ్మ టీకాల పెట్టె సర్దుకుంటోంది. "నాకు ఇంగ్లీషు రాదమ్మా, తెలుగులో రాస్తే ఒప్పుకుంటారా?" అంది. రెండు పేజీలు రాసింది. స్నేహితురాలు దాన్ని ఇంగ్లీషులో రాస్తే రెండింటి మీదా సంతకం పెట్టింది.

దరఖాస్తు పంపి, పాస్‌పోర్టుకు పెట్టాను. విచారణకు వేములపల్లిలోని మా ఇంటికి వచ్చిన పోలీసు, "ఆడపిల్లను ఒక్కదాన్నే పంపుతవా?" అని నాయనను అడిగాడు. "పేరు, ఊరు రాసుకోను వచ్చిన్రు గద సార్, రాసుకోండి" అన్నాడు నాయన.

ఇంటర్వ్యూ వీడియో కాల్‌లో జరిగింది. చాలా కష్టంగా గడిచిన రోజేదని అడిగారు. ముసలాయన సంగతి చెప్పాను. పుండుకు ఇంగ్లీషు మాట తోచక నా కాలే చూపించాను. వాళ్లు నవ్వలేదు, ఓపికగా విన్నారు. పదిహేను రోజులకు ఎంపికయ్యానని మెయిల్ వచ్చింది. ఆ నాయకుడి కొడుకు దరఖాస్తు పూర్తి చేయనేలేదని తర్వాత తెలిసి ఒళ్లు మండిపోయింది.

వారం తిరగకముందే కాలేజీ గేటుకు ఫ్లెక్సీ కట్టారు. పైన సార్ ఫోటో పెద్దగా, కింద నాది చిన్నగా. ఆయన ప్రోత్సాహంతోనే నేను విదేశానికి వెళ్తున్నానట. నేరుగా ప్రిన్సిపాల్ గదికి వెళ్లాను. సార్ అక్కడే ఉన్నాడు.

"ఆ ఫ్లెక్సీ తీసెయ్యండి."

"సంబురపడాలె గని గిదేందమ్మా?" అన్నాడు సార్.

"నాకు ఉత్తరం రాసింది నర్సమ్మ. పెడితే ఆమె ఫోటో పెట్టున్రి. లేకుంటే నేనే చింపుత."

"గింత పొగరు పనికిరాదు."

"కాలువల నిలబడ్డప్పుడు కనబడలే గని, గిప్పుడు కనబడ్డనా సార్?"

ప్రిన్సిపాల్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, వాచ్‌మన్‌ను పిలిచి ఫ్లెక్సీ విప్పించాడు.

వెళ్లాను. ఒక కొండ ప్రాంతపు బడిలో మూడు నెలలు పనిచేసి వచ్చాను. ఇప్పుడు మిర్యాలగూడలో ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. కోపం తగ్గిందనుకున్నాను. పోయిన నెల పాలకీడు నుంచి వచ్చే ఒక అమ్మాయి ఇలాంటి అవకాశం గురించే అడుగుతూ, "నీతోని కాదు అన్నరు మేడం" అంది. ఎవరన్నారని అడగలేదు. ఆ గంట పాఠం ఆపేసి, ఆమెను నా పక్కన కూర్చోబెట్టుకొని దరఖాస్తు తెరిచాను.