ట్రాక్టర్ లైటుకు ఆనిన చెంప

నందిపేటలో నన్ను 'లైటు మామ' అని పిలిచే పెద్దమనుషులందరికీ ఒక మాట. మీరు విన్న కథ తప్పు. అసలు జరిగింది అంతకంటే ఘోరం. నా దవడతో పాటు మా అక్క బిడ్డ క్లినిక్‌ని కూడా ముంచబోయాను.

అక్క బిడ్డ స్రవంతి పళ్ల డాక్టరు. నిజామాబాద్‌లో అప్పుడే క్లినిక్ తెరిచింది. అడ్డంగా మొలిచిన నా జ్ఞానదంతాన్ని చిగురు కోసి తీసింది. తీశాక నాకు నల్లద్దాలు పెట్టి, పెన్ను లాంటిదొకటి చెంపకు ఆనించింది. ఎర్రటి వెలుగు. సెగ లేదు, చురుక్కుమనలేదు.

"ఇదేంది బిడ్డా?"

"లేజర్ మామా. నొప్పి, వాపు జల్ది తగ్గనీకి. ఎల్లుండి మళ్ల రావాలె. గోలీలు మాత్రం బంద్ చెయ్యకు."

"కాలుతనే లేదు గదా!"

"కాల్చనీకి కాదు మామా, మాననీకి."

నాకు ఒళ్లు మండింది. ముప్పై ఏళ్లుగా పసుపు ఉడకబెడుతున్నవాణ్ణి. సెగ లేకుండా కొమ్ము ఉడుకుతుందా? సెగ లేకుండా పుండు మానుతుందా? మీరే చెప్పండి!

మర్నాడు గుమ్మడికాయంత చెంపతో పసుపు మార్కెట్‌కు వెళ్లి ఉపన్యాసం దంచాను. "బ్యాటరీ లైటు కొట్టి ఇలాజ్ అంటున్నది!" స్రవంతి దగ్గర పన్ను పీకించుకోవడానికి బయలుదేరిన బాల్కొండ రైతు అక్కడికక్కడే ఆగిపోయాడు. అతన్ని చూసి మరో ముగ్గురు.

అంతటితో ఊరుకుంటే నేనెందుకవుతాను? ఎర్ర వెలుగే మందైతే నా ట్రాక్టర్ వెనక రెండు బ్రేకు లైట్లున్నాయి! గోలీలు మానేశాను. మా ఆవిడ లక్ష్మిని సీటెక్కించి బ్రేకు తొక్కమన్నాను. వెనక గొంతుక్కూర్చుని లైటుకు చెంప ఆనించాను.

"ఇంకెంత సేపు తొక్కాలె?"

"మానేదాకా!"

"పుండా, పిచ్చా?"

కాసేపటికి బల్బు వేడెక్కింది. ఇదీ వైద్యమంటే అని మురిసిపోయాను కూడా. తెల్లారేసరికి చెంప మీద రూపాయి బిళ్లంత ఎర్రటి మచ్చ, లోపల వాపు రెండింతలు. నోట్లో వేలు దూరదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక పోయిందంటారు. నేను మందు మానేసి దవడ పోగొట్టుకునేలా ఉన్నాను.

లక్ష్మి నన్ను క్లినిక్‌కు లాక్కెళ్లింది. కుర్చీలన్నీ ఖాళీ.

"మార్కెట్ల ఏం చెప్పినవ్ మామా? నిన్నటి సంది ఒక్కరు రాలే. గిట్లయితే తాళమేసుకొని హైదరాబాద్ పోవుడే," అంది స్రవంతి. కళ్లలో నీళ్లు. అంతలోనే నా మచ్చ చూసింది. "గిదేంది?"

నోరు తెరుచుకుంటే కదా చెప్పడానికి! లక్ష్మి చెప్పింది, బ్రేకుతో సహా. ఏడవబోయిన పిల్ల కుర్చీ పట్టుకుని నవ్వింది. మళ్లీ గోలీలు, మళ్లీ ఆ చల్లటి లేజర్. వారం తిరిగేసరికి జొన్నరొట్టె నమిలాను.

నమిలిన నోటితోనే మార్కెట్‌కు వెళ్లి, నలుగురిలో నిలబడి, మచ్చ చూపించి తప్పు ఒప్పుకున్నాను. బాల్కొండ రైతు అంతా శ్రద్ధగా విన్నాడు.

"గట్లయితే ఆమె తాననే పీకించుకుంట అన్నా. గని ఒక్కటి చెప్పు, నీది ఏ కంపెనీ ట్రాక్టర్?"

కాబట్టి పసుపు కొమ్ము సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట నా ట్రాక్టర్ వెనక ట్రాలీ తప్ప మరేదీ తగిలించను. నా మొహం అసలే తగిలించను.