మా అన్నకు మళ్లీ పసిపిల్లల టీకాలు

అశోక్ నగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. తెల్ల రక్తకణాలు ఒంటికి కాపలా కాస్తాయని, రోగక్రిములనూ దారి తప్పిన క్యాన్సర్ కణాలనూ పట్టి చంపుతాయని ఏటా గొంతు చించుకుంటాను. మా అన్నకు రక్త క్యాన్సర్ వచ్చినప్పుడు ఆ కాపలా కణాలే అదుపు తప్పాయి. మందులతో వాటిని తుడిచిపెట్టి, నా రక్తం నుంచి తీసిన, కొత్త రక్తకణాలను పుట్టించే మూలకణాలు ఎక్కించారు. చిన్నప్పటి నుంచి నన్ను మొండిఘటం అని తిట్టినవాడికి చివరికి నా మొండి కణాలే దిక్కయ్యాయి! నాకు గర్వంగానే ఉంది, దాచుకోను.

కొన్ని నెలలకు అన్న ఒంట్లో నా కణాలు కుదురుకున్నాయి. బ్లడ్ గ్రూపు కూడా నాదే అయింది. కానీ చిన్నప్పటి టీకాలతో పాత కణాలు నేర్చుకున్నదంతా వాటితోపాటే పోయింది. అందుకని పసిపిల్లలకు వేసే టీకాలు మళ్లీ మొదటి నుంచి వేయాలన్నారు డాక్టరు గారు. అవి పనిచేశాయని రక్తపరీక్షలో తేలేదాకా షాపు తెరవొద్దన్నారు. చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర జిరాక్స్ షాపు నడిపే మనిషికి పిల్లల గుంపే బతుకు. ఇంట్లో కూర్చుని రోజురోజుకూ కుంగిపోయాడు.

నారాయణగూడ క్లినిక్‌లో చంటిపిల్లల తల్లుల పక్కన మాస్కులతో కూర్చున్నాం. నర్సు వచ్చి, "బాబు ఏడి అక్కా?" అంది. అన్నను చూపించాను. నెరిసిన మీసాల బాబు చొక్కా చేయి మడిచాడు.

సూది దిగగానే "అమ్మా!" అన్నాడు.

"జర ఓర్చుకో. నా కణాలు చదువుకుంటున్నయ్."

"నీవి గదా, ఎన్నిసార్లు ఫెయిల్ అయితయో."

ఫెయిల్ కాలేదు. టీకాలన్నీ అయ్యాక చేసిన పరీక్షలో, నా కణాలు వాటికి తగ్గ యాంటీబాడీలు తయారుచేశాయని తేలింది. నా విద్యార్థులకు ఉద్యోగాలొచ్చినప్పుడు కూడా నేనంత మురిసిపోలేదు. ఇక షాపు తెరవచ్చన్నారు డాక్టరు గారు.

షట్టర్ ఎత్తగానే పిల్లలు కౌంటర్ మీద పడ్డారు. ఒక కుర్రాడు అన్న మొహానికి ఎదురుగా గట్టిగా తుమ్మాడు. "చెయ్యి అడ్డం పెట్టుకోవాలని తెల్వదా?" అని వాడి మీద విరుచుకుపడ్డాను.

అన్న నింపాదిగా కాగితాలు సర్దుతూ వాడితో అన్నాడు:

"పరేషాన్ గాకు తమ్మీ. బయట మొత్తుకునేదీ మా చెల్లెనే, లోపల కొట్లాడేదీ మా చెల్లెనే."