దేవరకొండ కోట ద్వారం ముందు అవ్వ

డిగ్రీ మొదటి ఏడాది చరిత్రలో రోమన్ సామ్రాజ్యం పాఠం ఉండేది. సైన్యం కాపలా వల్ల ఎన్నో దేశాలు చాలాకాలం శాంతిగా ఉన్నాయని రాసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. మా ఇంట్లో బడికి పోయిన మొదటిదాన్ని నేనే కాబట్టి, ఆ పాఠం అవ్వకు కూడా చదివి వినిపించాను. "మా దేవరకొండల సుత గట్లనే ఉండె," అంది. తన చిన్నతనంలో కోటలో సర్కారు సిపాయిల క్యాంపు ఉండేదట. వాళ్ల గుర్రాలకు గడ్డి మోపు మోసుకొని రోజూ ద్వారం దాకా పోయేది కానీ, లోపల ఎట్లా ఉంటుందో చూడనేలేదు. "మోకాళ్లు నడిచినన్ని దినాలల్లనే ఒక్కపారి సూపియ్యి బిడ్డా," అంది. అలా 1991 చలికాలంలో ఇద్దరం బయల్దేరాం.

నల్లగొండలో తెల్లవారి మొదటి బస్సెక్కితే ఎండ ముదరకముందే దేవరకొండలో దిగొచ్చు. అక్కడి నుంచి కోట ద్వారం దాకా రిక్షాకు ఐదు రూపాయలు. మమ్మల్ని ఎక్కించుకున్న ఖాసిం భాయ్ దారంతా నవ్విస్తూనే ఉన్నాడు.

"గీ వయసుల కోటెక్కి ఎవల మీద యుద్ధం చేస్తవ్ అవ్వా?"

"కిరాయి ఎక్కువడిగితే నీ మీదనే బిడ్డా!"

నేను మాత్రం పాఠం మరిచిపోలేదు. "క్యాంపు ఉన్నప్పుడు ఊరు శాంతిగా ఉండెనా అవ్వా?" అని అడిగాను.

"ఉండె. దొంగలు లేరు, కొట్లాటల్లేవు. కలుపు తీసేకాడ పాట సుత లేదు. నలుగురం కూడి పాడితే ఎందుకు కూడిన్రని అడుగుతుండిరి."

రిక్షా దిగి ద్వారం ముందుకు రాగానే అవ్వ ఆగిపోయింది. రెండు చేతులూ పైకెత్తి, "ఎల్లమ్మను! వట్టి చేతులే!" అని గట్టిగా అరిచింది. ఆ రోజుల్లో అట్లా తన పేరు చెప్పుకొని, సిపాయి "జావ్" అన్నాకే ద్వారం దగ్గరికి పోయి మోపు దించాలట. ఇప్పుడక్కడ మేకలు తప్ప ఎవరూ లేరు. అవ్వకూ నవ్వొచ్చింది. కానీ కాళ్లు కదలలేదు. "నాతోని కాదు, ఇంటికి పోదాం పా," అంది.

"జావ్ అని నేనంట తియ్యి," అని ఖాసిం భాయ్ నోరు తెరవబోతే వద్దన్నాను. అవ్వ ఇంకొకరి అనుమతితో లోపలికి రావడం నాకిష్టం లేదు. నేనే ముందు లోపలికి నడిచి, వెనక్కి తిరిగి నిలబడ్డాను.

"రా అవ్వా."

చేతులు దించింది. రాతిగోడ పట్టుకొని మెల్లగా లోపలికొచ్చింది. నీడన కూర్చొని జొన్నరొట్టె తిన్నాక, కలుపు పాట అందుకుంది. బయటి నుంచి ఖాసిం భాయ్ రిక్షా గంటతో తాళం వేశాడు.

పరీక్షలో నేను రాసింది అబద్ధం కాదు. కానీ ఆ శాంతి ఎట్లా ఉండేదో ద్వారం ముందు చేతులెత్తి నిలబడ్డవాళ్లను కూడా అడగాలని అవ్వ వల్లే తెలిసింది.

మీరు వెళ్తే నీళ్లు వెంట తీసుకెళ్లండి, పైన దొరకవు. ఇంట్లో పెద్దవాళ్లను తీసుకెళ్తే, మీరే ముందు లోపలికి పోయి వాళ్లను పిలవండి.