రాజవ్వ ఇచ్చిన పాత గుడ్డ

గాలి, సోకుడు, దయ్యం అని ఎవరన్న నా ముంగట మొదలుపెడితే "మీకు పనిలేదా" అని లేచిపోయేదాన్ని. ఇప్పటికీ దయ్యాలున్నయని నేను చెప్తలేను. నాకు అచ్చరాలు వచ్చిందే ముసల్తనంల, అల్లి రాసే తెలివి లేదు. మా ఇంట్ల ఏం జరిగిందో అది రాస్తున్న.

మాది వరంగల్. మా ఆయన మగ్గం మీద జంపఖానాలు నేస్తడు, నేను నూలు కండెలు చుడుత. మా బిడ్డ సునీతను ములుగుల ఇచ్చినం. అక్కడ ప్రైవేటు బళ్లె సైన్సు చెప్తది. దిష్టి తీస్త అంటే నవ్వే పిల్ల. మొదటి కడుపు నిలువలే. రెండోది నిలిచింది గని డాక్టరమ్మ కదలొద్దన్నది. అందుకని ఏడో నెలల మా ఇంటికి తెచ్చుకున్నం.

మా దిక్కు పుట్టిన బిడ్డను కొత్త బట్టల పండబెట్టం. పిల్లలు సల్లగ బతికిన ఇంట్ల పాత గుడ్డ అడిగి తెస్తం. పక్కింటి రాజవ్వకు నలుగురు పిల్లలు, నలుగురూ రాయి లెక్క ఉన్నరు. పోయి అడిగిన. పెట్టె అడుగుకెల్లి నీలం అంచు చీర ముక్క తీసింది.

"తీస్కపో వదినె, నా పిల్లలందరు దీంట్లనే పండుకున్నరు" అన్నది.

ఉతికి, ఎండేసి, నా రేకు సందుగల పెట్టి తాళమేసిన. తాళంచెయ్యి నా బొడ్లెనే ఉంటది.

తెల్లారి నుంచి మొదలైంది. మధ్యాహ్నం కునుకు తీసి లేచిన సునీత, "అమ్మా, ఆ గుడ్డ తడిసింది, మార్చు" అన్నది. కలగన్నదనుకున్న. మరునాడు కూడ అదే మాట. కోపానికొచ్చి సందుగ తెరిచి చూపెట్టిన. గుడ్డ పొడిగున్నది, డాంబరు గోలీల వాసన తప్ప ఏం లేదు. ఆమె చెయ్యి పెట్టి గభాల్న గుంజుకున్నది.

"ఎచ్చగున్నది. దీంట్ల ఎవలో పిల్లగాడు పండుకున్నడు. నా బిడ్డకు జాగ లేదు."

ఇగ రాజవ్వ మా గడప తొక్కితే చాలు, కడుపుకు రెండు చేతులు అడ్డం పెట్టుకునేది. ఆమె తెచ్చిన పచ్చిపులుసు వాసన చూసి మోరిల పోసింది. మెల్లమెల్లగ నా చేతి అన్నం కూడ బంద్ చేసింది. గోలీలిస్తే డాక్టర్ రాసినయేనా అని అటిటు తిప్పి చూసేది. నేను, రాజవ్వ వాకిట్ల మాట్లాడుకుంటే కిటికీ సందుల నుంచి చూసేది.

ఒకనాడు మొఖం మీదనే అన్నది: "నువ్వు, ఆమె ఒక్కటైన్రు. నా బిడ్డనిచ్చి వాన్ని బతికించుకుంటరు."

"ఎవన్నే బతికించుకునేది?" అని అరిచిన.

"నాకేం తెల్సు? ఆమెనే అడుగు."

కన్న బిడ్డ నన్ను అట్ల చూస్తే నాకు ముద్ద దిగలే. మొదటిది పోయిన భయం, అంతే అన్నది డాక్టరమ్మ. గని తిండి లేక కడుపుల పిల్ల పెరుగుతలేదని కూడ ఆమెనే చెప్పింది. సునీత మా అల్లునికి ఫోన్ చేసి, "వచ్చి తీస్కపో, లేకుంటే నేనే బస్సెక్కుత" అన్నది. అల్లుడొచ్చిండు. బ్యాగు సర్దుతుండగనే నొప్పులు అందుకున్నయి, నెలలు నిండకముందే.

దవాఖానల చేర్పించి, బట్టలు తీస్కపోయెటందుకు నేను ఇంటికొచ్చిన. మిట్టమధ్యాహ్నం. సందుగ తాళం తీసి గుడ్డ మీద చెయ్యి పెట్టిన. తడి.

నడుమ అరచెయ్యంత జాగల తడి. ఎచ్చగ. పసిపిల్లల ఉచ్చ వాసన నాకు తెల్వదా, ముగ్గురిని కన్న. కింది చీరలు పొడిగున్నయి. సందుగ రేకు పొడిగున్నది. ఎలుక దూరే సందు లేదు. కప్పు కారిందా అంటే వాన కాలం కాదు.

గుడ్డను అట్లనే పట్టుకపోయి రాజవ్వ చేతుల పెట్టిన. ఆమె తడిమి చూసింది, వాసన చూసింది, గడపల కూలబడ్డది.

"వీని సంగతి నీకెవరు చెప్పిన్రు వదినె?"

ఆ నలుగురి కంటె ముందు ఒకడు పుట్టిండట. పాలకుర్తి దిక్కు ఊర్లె ఉన్నప్పటి మాట. మధ్యాహ్నం వాన్ని ఆ గుడ్డల పండబెట్టి మగ్గం కాడికి పోయి వచ్చేసరికి పానం లేదట. గుడ్డ మాత్రం ఇంక తడిగ, ఎచ్చగనే ఉన్నదట. వరంగల్ వచ్చినంక ఎవరికీ చెప్పలేదట. "చెప్తే నన్ను గుడ్డ ఎవరడుగుతరు?" అన్నది. నాకు తిట్టబుద్ధి కాలే.

నేను కట్టుకున్న చీర కొంగు చింపి దవాఖానకు ఉరికిన. పోయేసరికి ఆడపిల్ల పుట్టింది, ఆ కొంగు ముక్కల చుట్టిన. పిడికెడంత ఉన్నది, ఏడుపు మాత్రం వార్డంత వినిపించింది. సునీత ముందుగల అడిగింది బిడ్డ ఎట్లున్నదని కాదు, ఏ గుడ్డల పెట్టినవని. నా చినిగిన కొంగు చూపెట్టిన. పిల్లకు చుట్టిన ముక్కను ముక్కు కాడికి తెచ్చుకున్నది.

"ఆకలైతాంది అమ్మా" అన్నది. పాలు పోసిచ్చిన. వాసన చూడకుండ తాగింది.

ఇప్పుడు మనుమరాలు నడుస్తాంది. సునీతది భయమే కావచ్చు. మరి నా చేతికి తగిలిన తడి ఏంది? రాజవ్వ ఎవరికీ చెప్పని పిల్లగాడు నా బిడ్డకెట్ల తెల్సిండు? సైన్సు చెప్పే సునీతనే ఆ మాటెత్తితే లేచిపోతది. నాకైతే ఇంతవరకు సమజ్ కాలే.

ఎండాకాలంల మా వాకిట్ల కాలు పెడితే బొబ్బలెక్కుతయి. ఆ ఎండల కూడ రాజవ్వ పొద్దుగాల ఆ గుడ్డను దండెం మీద ఆరేస్తది, మాపటికి తీస్తది. తెల్లారి మళ్ల ఆరేస్తది. ఎందుకని నేను అడగలే.