ఏడు ముడులు మిగిలిన పెంతెకొస్తు

ఆ ఆదివారం ఉదయం దిగువ ఊరి చర్చి ముందు జీపు దిగి చూస్తే మా అమ్మమ్మ లేదు. బాప్తిస్మం తీసుకోవాల్సిన వాళ్ళు తెల్లబట్టలు కట్టుకుని గోడ నీడన వరసగా కూర్చున్నారు. ఆ వరసను ఈ చివర నుంచి ఆ చివరకు మూడుసార్లు చూశాను. డెబ్బై దాటిన మనిషి, కొండ మీద ఒంటరి ఇల్లు, కిందికి రెండు గంటల నడక. నర్సు ఉద్యోగం చేసేదాన్ని, అలాంటప్పుడు నాకు వచ్చే ఆలోచనలు మంచివి కావు.

"ముసలావిడ మనసు మార్చుకుందేమో" అన్నారు అయ్యగారు గడియారం చూసుకుంటూ. అయ్యగారంటే మా పాస్టరు. మైదానం నుంచి ఏడాదికి నాలుగైదుసార్లు వస్తారు. ఆ రోజు నేను అరకులో ఆయన జీపే ఎక్కి వచ్చాను.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "మా అమ్మమ్మ మాటిచ్చాక మార్చుకునే మనిషి కాదండీ" అనేసి, చెప్పులు చేత్తో పట్టుకుని కొండెక్కడం మొదలుపెట్టాను. ఎక్కుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాను.

ఆవిడ ఎందుకు మాటిచ్చిందో చెప్పాలి. మా అమ్మ చిన్నప్పుడే క్రైస్తవంలోకి వచ్చింది. అమ్మమ్మ రాలేదు. కొండదేవతకు కోడిని కోస్తూ, కూతురు పాడే పాటలు వింటూ తన దారిన తనుంది. మూడేళ్ళ కిందట అమ్మ జ్వరంతో పోయింది. చర్చి వెనక సమాధుల తోటలో పెట్టాం. మట్టి కప్పడం అయ్యాక అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని, "మరి నన్నెక్కడ ఎడతారే?" అని అడిగింది. బాప్తిస్మం లేనివాళ్ళకు ఆ తోటలో చోటు లేదు, అది సంఘం నియమం. కొండ మీదేనని చెప్పాను. "నా గుంట కింద, నేను మీదా? అదేటి?" అంది. గుంటంటే మా వైపు ఆడపిల్ల. ఆ తరవాత నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

మరుసటి ఏడు నుంచి ఆవిడే చర్చికి రావడం మొదలుపెట్టింది. కూతురి పక్కన చోటు కోసమేనా ఈ భక్తి అని నేను నిలదీశాను కూడా. నా నోటికి అదుపు తక్కువ. "మొదట దానికోసమే. ఇప్పుడు దానికోసమే కాదు" అంది. అంతకంటే వివరంగా ఎప్పుడూ చెప్పలేదు.

మా అయ్యగారు ఇక్కడ బాప్తిస్మాలు ఇచ్చేది ఏడాదికి ఒక్కసారి, పెంతెకొస్తు నాడు. ఈస్టరు నాడు నేను సెలవు మీద వెళ్ళి, అమ్మమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఆ పండుగ సంగతంతా చెప్పాను. యేసు లేచిన ఆదివారాన్ని ఒకటిగా లెక్కపెట్టుకుంటూ పోతే యాభయ్యో రోజు కూడా ఆదివారమే అవుతుందనీ, అదే పెంతెకొస్తనీ చెప్పాను. యూదులకు అంతకుముందు నుంచే ఆ రోజు పంట పండుగ. గోధుమ కోసి, కొత్త పంట దేవుడికి తెచ్చి ఇచ్చేవారు. ఆ పండుగకు దేశదేశాల నుంచి జనం వచ్చి ఉండగా, యేసు కాచుకోమన్నాడని మేడగదిలో కూర్చుని ఉన్న శిష్యుల మీదికి పరిశుద్ధాత్మ దిగింది. వాళ్ళు మాట్లాడితే వచ్చినవాళ్ళలో ఎవరి భాషలో వాళ్ళకు వినబడింది.

అమ్మమ్మ చేటలో సామలు చెరుగుతూ విన్నది. "ఆలకి కోతలేల, మనకి ఇత్తులేల" అని నవ్వింది, వాళ్ళకది కోతల వేళైతే మనకు విత్తనాల వేళని. నేను ఆ చేట లాగేసుకున్నాను. "ఆదివారం పూట పనేంటమ్మమ్మా? బాప్తిస్మం తీసుకోబోయేదానివి. ఆదివారం ఏ పనీ ముట్టుకోకూడదు" అని గట్టిగా చెప్పాను. మర్నాడే నాకు డ్యూటీ, చెప్పవలసినవన్నీ ఒక్క పూటలో చెప్పేయాలన్న ఆత్రం.

తరవాత అడ్డతీగ నారతో పేనిన తాడు తీసుకుని యాభై ముడులు వేశాను. మా కొండల్లో పెళ్ళికో పండుగకో చుట్టాలను పిలవాలంటే ఇలాగే ముడుల తాడు పంపుతారు. రోజుకొక ముడి విప్పుకుంటూ పోతే ఆఖరి ముడి నాటికి పెళ్ళి. క్యాలెండరు చదవలేని అమ్మమ్మకు ఇంతకన్నా మంచి లెక్క లేదనుకున్నాను. మొదటి ముడి ఈస్టరుది కాబట్టి అది నేనే విప్పి చూపించాను. "ఆఖరి ముడి పండగది. ఆ రోజు నువ్వు కిందికి దిగి రా. నేను తిన్నగా చర్చికే వస్తాను" అన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను కూడా.

ఇదంతా తలచుకుంటూ ఆ ఆదివారం కొండెక్కి, ఇల్లు కనబడగానే పరుగెత్తాను. అమ్మమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. తల దువ్వుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఊరికే కూర్చుని ఉంది. బతికి ఉందన్న సంతోషం ఒక్క క్షణం. ఆ వెంటనే ఒళ్ళు మండిపోయింది.

"పండగ పెట్టుకుని ఇక్కడ కూర్చున్నావేంటి? అయ్యగారు కింద చూస్తున్నారు!"

"పండగేటే గుంటా? ఇంకా ఏడు ముడులుంటే!"

తాడు తీసి చూపించింది. నేను లెక్కపెట్టాను. ఏడు. ఒక్కటి ఉండాల్సిన చోట ఏడు. ఏ రోజు మరిచిపోయావని అడిగితే ఆవిడకు ఎక్కడలేని రోషం వచ్చింది. "నానెందుకు మరిసిపోతాను? రోజూ పొద్దున్నే ఇప్పినాను. ఆదోరం నాడు మాత్రం ముట్టలేదు. సంత మర్నాడు ఆదోరం గదా, నాకు తెలీదేటి? ఆదోరం నాడు ఏ పనీ ముట్టుకోకూడదని నువ్వే గదే సెప్పినావు!"

అరుగు మీద కూలబడిపోయాను. మధ్యలో ఆరు ఆదివారాలు, ఇప్పుడు ఏడోది. ముడి విప్పడం కూడా పనేనని ఆవిడకు తోచింది. ఎంత ఆలోచించినా అది తప్పని చెప్పే మాట నాకు దొరకలేదు. ఎండలు ముదిరాక మోకాళ్ళ నొప్పితో ఆవిడ చర్చికి దిగలేదు. పక్కనున్న మూడిళ్ళ వాళ్ళు కొండదేవత మనుషులు, పెంతెకొస్తు గొడవ వాళ్ళకేం తెలుసు? చేసిందంతా నేనే.

ఆవిడను పట్టుకుని కిందికి దింపేసరికి మధ్యాహ్నం దాటింది. ఆకాశం నల్లబడి ఉంది. వాన మొదలైతే ఘాట్ రోడ్డు కష్టమని అయ్యగారు వెళ్ళిపోయారట. "వచ్చే ఏడాది చూద్దామని చెప్పమన్నారు" అన్నాడు సంఘ పెద్ద. ఆయన మాకు వరసకు మావయ్య. చర్చిలో గంటకు బదులు వేలాడే రైలు పట్టా ముక్కను కొట్టేది ఆయనే, గోతులు తవ్వేదీ ఆయనే. వచ్చే ఏడాది! ఆవిడ గుండె ఎలా కొట్టుకుంటోందో స్టెతస్కోపు పెట్టి విన్నదాన్ని నేను.

అమ్మమ్మ మాత్రం మెట్ల మీద కూర్చుని తాడు సవరించుకుంటోంది. "నా పండగకి ఇంకా వారం ఉంది" అంది. మతి చెదిరిందేమోనని భయపడ్డాను. సిగ్నలు దొరికే బండ ఎక్కి, వారం సెలవు కావాలని పైవాళ్ళను బతిమాలుకున్నాను.

ఆ వారమంతా వాన పడింది. మావయ్య ఇంట్లోనే ఉన్నాం. రోజూ పొద్దున్నే ఆవిడ ఒక ముడి విప్పేది. శనివారానికి ఒక్కటే మిగిలింది. ఆదివారం తెల్లచీర కట్టుకుని, పాట ముగియగానే లేచి ముందుకు వెళ్ళి, మావయ్య ఎదుట నిలబడి తాడు చూపించింది.

"ఇయాల నా పెంతికోస్తు. అడుగు, ఏటి అడగాలో."

మావయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. "నేనెలా అడుగుతానమ్మా? అయ్యగారు ఉండాల" అన్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోతూ ఆవిడ కొంగు పట్టుకుని లాగాను. ఆవిడ నా చెయ్యి విదిలించుకుంది. తరవాత చేసిన పని ఆ చర్చిలో నేనెన్నడూ చూడలేదు. మా కువి భాషలో మాట్లాడింది.

మేమంతా ఇళ్ళలో మాట్లాడుకునేది కువి. చర్చి గుమ్మం దాటితే అంతా తెలుగే. పాట తెలుగు, ప్రార్థన తెలుగు. అలా ఉండమని ఎవరూ శాసించలేదు, అలవాటైపోయింది. ఈస్టరు నాడు అమ్మమ్మకు జవాబులు తెలుగులో వల్లె వేయించింది నేనే. ఆవిడ ఆ జవాబులన్నీ వదిలేసి, పొయ్యి దగ్గర కూర్చుని కబురు చెప్పినట్టు, తన కూతురు ఎవరిని నమ్మిందో, తను ఎందుకు నమ్మనందో, కూతుర్ని మట్టిలో పెట్టిన రోజున ఎవరి మీద అలిగిందో, ఆ అలక ఎలా తీరిందో చెప్పింది. ముప్ఫై ఏళ్ళుగా నేను నమ్ముతున్నానని తెలుగులో చెబుతూ వచ్చిన మాట మొదటిసారి నాకు తగిలింది. ఎవరో పెద్దగా ఏడుస్తుంటే తలతిప్పి చూశాను. మావయ్య.

ఆయన కళ్ళు తుడుచుకుని, అడగాల్సిన మూడు ప్రశ్నలూ కువిలోనే అడిగాడు. ఆవిడ మూడింటికీ జవాబిచ్చింది. తరవాత అందరం గెడ్డకు వెళ్ళాం. వానలకు గెడ్డ ఎర్రగా ఉరుకుతోంది, అందులోకి ముసలి మనిషిని దింపలేం. మావయ్య ఆనపకాయ బుర్రతో నీళ్ళు ముంచి, తండ్రి పేర, కుమారుని పేర, పరిశుద్ధాత్మ పేర ఆవిడ తల మీద పోశాడు. నీళ్ళు చల్లగా ఉన్నాయని ఆవిడ కేకేసింది. పిల్లలు నవ్వారు.

పంట కోతల ముందు అయ్యగారు వచ్చారు. మావయ్య ఏదీ దాచలేదు. అయ్యగారు నిర్ఘాంతపోయారు. నేను గొడవకు సిద్ధమై కూర్చున్నాను. ఆఖరికి అమ్మమ్మ వైపు తిరిగి, "పండుగ ఏ రోజో అందరికీ తెలుసు కదమ్మా. మీ ఒక్కరికీ వేరేగా వస్తుందా?" అన్నారు.

"ఆ మేడ మీద కూసున్నోలకి ఏ రోజు వస్తాదో తెలిసినాదేటి బాబూ? కూసోమన్నాడు, కూసున్నారు. నానూ కూసున్నాను."

అయ్యగారు వెళ్ళేముందు ఆవిడ తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు.

చలికాలం వెళ్ళకుండానే అమ్మమ్మ పోయింది. మావయ్య అమ్మ పక్కనే గొయ్యి తవ్వాడు. చీర సర్దుతుంటే కొంగు చివర కట్టుకున్న తాడు బయటపడింది. ఆఖరి ముడి అలాగే ఉంది. ఇంకెందుకని, నాకు వరసకు పిన్ని అయ్యే ఒకావిడ విప్పబోయింది. ఆ రోజు ఆదివారం. నేను పిన్ని చెయ్యి పట్టుకుని వద్దన్నాను.