గ్రిమండ్ వేసిన దారి

కోల్విన్ గ్రిమండ్‌కి యజమానులు ముగ్గురు. ఒకడు టొరంటోలో, ఒకడు లండన్‌లో, మూడోవాడు తనే. ముగ్గురిలోకీ మూడోవాడే పరమ దుర్మార్గుడని అతని ఫిర్యాదు. సెలవివ్వడు, జీతం వేళకివ్వడు, పైగా గడ్డం గీసుకునేటప్పుడల్లా ఎదురుగా నిలబడతాడు.

పుట్టింది గయానాలో, జార్జ్‌టౌన్‌లో. ఆ ఊరు సముద్రం కన్నా పల్లంలో ఉంటుంది. అక్కడ అతను ఎక్కిన అతి పెద్ద ఎత్తు తను పనిచేసిన బ్యాంకు మేడమెట్లు. పినతల్లి కొడుకు పెళ్ళికని గ్రెనడా వచ్చి, పెళ్ళివారందరూ వెళ్ళిపోయాక కూడా కంప్యూటరు ముందేసుకుని, పైదేశాల వాళ్ళకి ప్రోగ్రాములు రాసిపెడుతూ ఉండిపోయాడు. ఈ దీవిలో చదునుగా ఉండేది విమానాశ్రయమొక్కటే. అలాంటిచోట బర్చ్‌గ్రోవ్ కొండ మీద, టాంటీ ఎల్మా ఇంటి పైగదిలో అద్దెకి దిగాడు. టాంటీ అంటే ఊరందరికీ పిన్నిగారన్నమాట.

కూర్చుని చేసే పని కదా, బొజ్జ వచ్చింది. కొండలెక్కాలని తీర్మానించుకుని, ముందుగా ఆ బొజ్జకి తగిన సరంజామా కొన్నాడు. చీలమండల పైదాకా వచ్చే బూట్లు, రెండు చేతికర్రలు, గొట్టంతో తాగే నీళ్ళసంచి. మొదటిరోజు ఆ వేషం చూసి సర్వే ఉద్యోగి అనుకున్నాడో పెద్దమనిషి. చెట్టు కింద కూర్చోబెట్టి, పక్క తోటవాడితో ఉన్న గట్టు తగాదా అంతా చెప్పుకున్నాడు. గ్రిమండ్ మొహమాటం కొద్దీ న్యాయం చేస్తానని మాట కూడా ఇచ్చి వచ్చాడు.

నాలుగేళ్ళు గడిచినా ఊళ్ళో అతను 'మిస్టర్ గ్రిమండ్' గానే ఉండిపోయాడు. బర్చ్‌గ్రోవ్‌లో మర్యాద దక్కేది ముగ్గురికే: పన్నులవాడికి, పరాయివాడికి, పోయినవాడికి. సొంతవాళ్ళకి దక్కేవి ఎగతాళీ, ఏడిపింపూ. బస్సులో అందరూ ఒకర్నొకరు ఉతికి ఆరేసుకుంటూ ఉంటే, తనకి మాత్రం కిటికీ పక్క సీటిచ్చి నమస్కారం పెట్టేవారు. ఎవరైనా తననొక్కసారి తిడితే బాగుండునని కిటికీలోంచి చూస్తూ కుమిలిపోయేవాడు.

ఊరూరా వంతులవారీగా జరిగే శనివారం పరుగు ఈసారి తన ఊరికి రావడంతో ఆశ పుట్టింది. ఆతిథ్యమిచ్చే ఊరివాడొకడు కొండల్లో కాగితప్పొట్టు కుప్పలు పోస్తూ దారి వేస్తాడు. దీవి నలుమూలల నుంచీ వచ్చిన జనం ఆ కుప్పల వెంట పరిగెత్తి, చివరికి భోజనాలకి చేరుకుంటారు. బర్చ్‌గ్రోవ్‌లో ఏటా దారి వేసేవాడు కూతురి దగ్గరికి ట్రినిడాడ్ వెళ్ళాడు. రిటైరైన నోయెల్ మాస్టారు వచ్చి, "మిస్టర్ గ్రిమండ్, తమరేమైనా..." అని ఇంకా వాక్యం పూర్తి చెయ్యకముందే గ్రిమండ్ ఒప్పేసుకున్నాడు. ఇది బాగా జరిగితే తను ఈ ఊరివాడు. జరక్కపోతే పెట్టె సర్దుకుని జార్జ్‌టౌన్ వెళ్ళడమే. అలాగని తనతో తనే పందెం వేసుకున్నాడు.

పరుగు మొదలయ్యేది కింద ఏటిగట్టున. ముగిసేది పైన టాంటీ ఎల్మా వాకిట్లో. బస్తా మోస్తూ కొండెక్కడమెందుకని మనవాడు ఇంటి దగ్గర మొదలెట్టి, దిగుతూ దారి వేశాడు. గాలికి పొట్టు ఎగిరిపోకుండా ప్రతి కుప్పనీ ఓ బండకో చెట్టు వేరుకో ఎగువన, చాటుగా పోశాడు. కింద నుంచి బస్సెక్కి వచ్చి, పనితనం తెలిసినవాడు గనక మళ్ళీ ఇంటి దగ్గర నుంచి దిగుతూ పరీక్షించాడు. ఒక్క కుప్ప కూడా తప్పకుండా కనిపించింది. ఇన్నేళ్ళుగా వృత్తిలో చేస్తున్నదీ ఇదే. తను రాసింది తనే, తను రాసిన వైపు నుంచే చూసుకుని, భేషుగ్గా ఉందని బిల్లు పంపడం.

మధ్యాహ్నం ఏటి దగ్గర జనాన్ని సాగనంపి, బస్సులో పైకొచ్చి కూర్చున్నాడు. టాంటీ ఎల్మా కొబ్బరిపాలలో సీమపనసా ఉప్పుమాంసమూ వేసి, పెద్ద గుండిగతో ఆయిల్‌డౌన్ వండింది. అది ఉడికింది, దిగింది, చల్లారింది. ఒక్క నరపురుగూ రాలేదు.

"ఏం నాయనా," అంది ఆవిడ గరిటె ఒళ్ళో పెట్టుకుని, "మీ దారి బార్బడోస్ మీంచి గానీ వస్తోందా?"

గ్రిమండ్ లేచి, దారి వెంట కొంత దిగి, ఎందుకో వెనక్కి తిరిగి పైకి చూశాడు. బండలున్నాయి. వేర్లున్నాయి. పొట్టు మాత్రం లేదు. ఎక్కేవాడి కంటికి ఆ కొండ మీద కాగితమన్నది పుట్టనేలేదు.

కోకో తోటలోంచీ, ఏటి అవతలి నుంచీ కేకలు వినిపిస్తున్నాయి. వాళ్ళని పోగుచేద్దామని పక్కకి వెళ్ళి, కాసేపట్లో తను కూడా తప్పిపోయాడు. తప్పిపోయి తిరుగుతూ తిరుగుతూ, పడిపోయిన జాజికాయ చెట్టు మీద కూర్చుని బూట్లోంచి నీళ్ళు వంపుకుంటున్న నోయెల్ మాస్టారికి ఎదురుపడ్డాడు.

"తప్పు నాదే మాస్టారూ. దిగుతూ వేశాను."

"మేం ఎక్కుతున్నాం గదా."

"అవునండి."

"మరి పరీక్షించలేదా?"

"పరీక్షించానండి. దిగుతూ."

మాస్టారు రెండో బూటు కూడా నిదానంగా వంపాడు. "ఒరే గ్రిమండూ, జీవితమంతా బడిలోనే గడిపాను. నీలాంటి మొద్దుని మాత్రం చూళ్ళేదురా."

గ్రిమండ్ చెవులు కాలిపోయాయి. సిగ్గు అంతా ఇంతా కాదు. కానీ ఆ సిగ్గు అడుగున ఏదో హాయిగా కూడా ఉంది. అదేమిటో తేల్చుకునేలోపు పైనుంచి శంఖం మోగింది. చేపలబండి వాళ్ళు ఊదే శంఖాన్ని టాంటీ ఎల్మా ఎక్కడో సంపాదించి, వీధిలో నిలబడి ఊదుతోంది. ఆ మోత పట్టుకుని నలుదిక్కుల నుంచీ జనం పైకి పాకారు.

గేటు దగ్గర నిలబడి ఒక్కొక్కరికీ క్షమాపణ చెప్పుకున్నాడు. ఒక్కొక్కరూ తిట్టి లోపలికి వెళ్ళారు. కంచాలు పట్టుకున్నాక ఎవరెక్కడ తప్పిపోయారో చెప్పుకోవడానికి పోటీ పడ్డారు. బ్యాంకులో పనిచేసే ఒకావిడ ఎవరి పెరట్లోనో తేలి, వాళ్ళింట్లో టీ కూడా తాగి వచ్చిందట. ఆ తగాదా పెద్దమనిషి తన గట్టు దగ్గర ఇద్దర్ని పట్టుకుని సాక్ష్యం చెప్పించుకోబోయాడట. చల్లారిన కూర అడుగంటా ఊడ్చేదాకా ఎవరూ కదల్లేదు.

అప్పుడు మాస్టారు లేచి రెండు తీర్మానాలు చదివాడు. బొందిలో ప్రాణముండగా గ్రిమండ్ మళ్ళీ దారి వెయ్యకూడదన్నది మొదటిది. అందరూ చేతులెత్తారు. గ్రిమండ్ కూడా ఎత్తాడు. ఇకనుంచి దీవిలో ఎవరు దారి వేసినా, ముందురోజు దాన్ని గ్రిమండ్ ఒంటరిగా, మొదటి నుంచి నడిచి చూడాలన్నది రెండోది.

"వీడు చివరిదాకా చేరాడంటే," అన్నాడు మాస్టారు, "చంటిపిల్లలు కూడా చేరతారు."

శుక్రవారాలు తనకి పనుంటుందని గ్రిమండ్ అనబోయాడు గానీ ఎవరూ వినిపించుకోలేదు.

తర్వాతి పరుగు గూయావ్‌లో. దారి వేసిన కుర్టన్ అనే చేపలాయన శుక్రవారం సాయంత్రం ఫోన్ చేశాడు. "ఎక్కడున్నావురా?"

"చుట్టూ అరటిచెట్లున్నాయి."

"దీవంతా అరటిచెట్లేరా బాబూ."

"అయితే వాటి మధ్యలో ఉన్నాను."

"పైకి వెళ్ళావా, కిందికి వెళ్ళావా?"

గ్రిమండ్ నిజాయితీగా ఆలోచించాడు. "తెలీదు. కానీ వంతెన దాటాక నీ గుర్తు కనపడదు. అది రాసుకో."

"రాసుకుంటాలే. కదలకు. కుక్కని తీసుకుని వస్తున్నా."

గ్రిమండ్ కదల్లేదు. బూట్లు విప్పి, ఓ అరటిపండు కోసుకుని, ఎవరిదో తెలియని గట్టు మీద చతికిలబడ్డాడు. లండన్ నుంచి ఫోన్ మోగితే, దారిలో పని మీద ఉన్నానని చెప్పి పెట్టేశాడు.